స్పైనోసారస్: పోయిన ఎముకలు, తెగని వాదం

సభకు నమస్కారం.

మాంసాహార డైనోసార్ అనగానే మనలో చాలామందికి టైరనోసారస్ గుర్తుకు వస్తుంది. దానికన్నా బరువులో కొంత తక్కువైనా పొడవులో మించిన స్పైనోసారస్ గురించి ఈరోజు మాట్లాడదలచుకున్నాను. సుమారు 14 మీటర్ల పొడవున్న ఈ జంతువు రూపం గురించీ, బతుకుతీరు గురించీ శాస్త్రవేత్తల అభిప్రాయం గత వందేళ్ళలో పలుమార్లు మారింది. అలా మారిన ప్రతిసారీ ఏ ఎముకలు చేతిలో ఉన్నాయి, ఏవి లేవు అన్నదే అసలు ప్రశ్న అయింది.

1912లో ఈజిప్టులోని బహరియా ఒయాసిస్సులో, జర్మన్ పురాజీవ శాస్త్రవేత్త ఎర్నస్ట్ స్ట్రోమర్ తరఫున శిలాజాలు సేకరిస్తున్న రిచర్డ్ మార్క్‌గ్రాఫ్‌కు కింది దవడ భాగం, కొన్ని పళ్ళు, వెన్నుపూసలు దొరికాయి. ఆ వెన్నుపూసల నుంచి నిటారుగా లేచిన ముళ్ళలో అన్నిటికన్నా పొడవైనది 1.65 మీటర్లు, అంటే దాదాపు ఒక మనిషి ఎత్తు. 1915లో స్ట్రోమర్ ఈ జంతువుకు స్పైనోసారస్ ఈజిప్టియాకస్ అని పేరు పెట్టి, ఎముకలను కొలతలతో, బొమ్మలతో సహా వివరంగా ప్రచురించాడు. ఆ ఓపిక విలువ మూడు దశాబ్దాల తర్వాత గాని తెలియలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, మ్యూనిక్ మ్యూజియంలో ఉన్న శిలాజాలను భద్రమైన చోటికి తరలించమని ఆయన ఎంత కోరినా అధికారులు వినలేదు. నాజీ ప్రభుత్వాన్ని విమర్శించే మనిషి మాట అక్కడ చెల్లే రోజులు కావవి. 1944 ఏప్రిల్ 24 రాత్రి జరిగిన బ్రిటిష్ బాంబు దాడిలో ఆ ఎముకలన్నీ నాశనమయ్యాయి. స్ట్రోమర్ రాతలు, బొమ్మలు, కొన్ని ఛాయాచిత్రాలు మాత్రం మిగిలాయి.

ఆ తర్వాత దశాబ్దాల పాటు చిత్రకారులు స్పైనోసారస్‌ను వీపున తెరచాప తగిలించిన టైరనోసారస్‌లాగే, పొడి నేల మీద నిలబెట్టి గీశారు. దొరకని కాళ్ళను ఊహించవలసి వచ్చినప్పుడు తెలిసిన జంతువు కాళ్ళే గుర్తుకు రావడం సహజం గదా!

2008లో మొరాకోలోని ఎర్ఫూద్ పట్టణంలో నిజార్ ఇబ్రహీం అనే యువ పరిశోధకుడికి ఒక స్థానికుడు కొన్ని శిలాజపు ముక్కలు చూపించాడు. మరుసటి ఏడాది ఇటలీలోని మిలాన్ మ్యూజియంలో అలాంటి మట్టే అంటిన ఎముకలు కనబడడంతో, రెండూ ఒకే జంతువువి కావచ్చునని ఇబ్రహీంకు అనుమానం కలిగింది. తవ్విన చోటు తెలియాలంటే ఆ స్థానికుణ్ణే పట్టుకోవాలి, కానీ ఆయనకు గుర్తున్నది ఆ మనిషి మీసం ఒక్కటే. ఎర్ఫూద్‌లో వెతికి వెతికి విసిగి, ఒక కాఫీ దుకాణంలో కూర్చుని ఉండగా ఆ మీసమే ఎదుటి నుంచి నడిచి వెళ్ళిందట. ఆ మనిషి చూపించిన చోటే తవ్వకం జరిగింది.

2014లో వెలువడిన ఫలితాలు పాత బొమ్మను చెరిపేశాయి. వెనుక కాళ్ళు పొట్టివి. సాధారణంగా మాంసాహార డైనోసార్ల కాలి ఎముకల్లో మూలుగ ఉండే బోలు కనిపిస్తుంది. దీని ఎముకలు మాత్రం పెంగ్విన్ ఎముకల్లాగా దట్టంగా ఉన్నాయి. ముక్కు రంధ్రాలు మూతి చివర కాక బాగా వెనక్కి ఉన్నాయి. అంచున రంపపు గాట్లు లేని శంకువుల్లాంటి పళ్ళు జారిపోయే చేపను పట్టి ఉంచడానికి పనికొచ్చేవి. 2020లో అదే చోట దొరికిన తోక తెడ్డులాగా ఎత్తుగా, పక్కలకు నొక్కినట్టు ఉన్నదని తేలింది. ఆ ఆకారంలో చేసిన నమూనా తోకను హార్వర్డ్ ప్రయోగశాలలో నీటిలో ఆడించి చూస్తే, నేల మీద తిరిగే మాంసాహార డైనోసార్ల తోకలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ తోపుడు బలం కనిపించింది.

ఇంతటితో తగువు తీరిందనుకుంటే పొరపాటే. నీటి అడుగుకు మునిగి వేటాడేదని ఒక పక్షం, ఒడ్డున, లోతు తక్కువ నీటిలో నిలబడి కొంగలాగా చేపలు పట్టేదని ఇంకో పక్షం వాదించాయి. 2022లో ఎముకల సాంద్రతను ఆధారం చేసుకుని మొదటి పక్షం ఒక పత్రం ప్రచురించగా, అదే ఏడాది పాల్ సెరెనో బృందం శరీర నమూనాను లెక్కగట్టి, ఇది నీటిలో తేలిపోయేదే గాని మునగడం చాలా కష్టమని వాదించింది.

నా మొగ్గు రెండో పక్షం వైపే. తోక చూపిన బలం కాదనలేనిదే గాని, మునిగి వేటాడే జంతువుకు అంత ఎత్తయిన తెరచాప అడ్డమే. నీరు చాలా లోతుంటే తప్ప అది బయటికి కనబడుతూనే ఉంటుంది. ఆ తెరచాప తోటి జంతువులకు తన పరిమాణం చాటుకోవడానికి ఉండేదన్న అభిప్రాయం నాకు సమంజసంగా తోస్తున్నది. కానీ కాళ్ళు, తోక, వెన్ను కలిసి దొరికిన అస్థిపంజరం ఆ మొరాకో తవ్వకంలోనిది ఒక్కటే. ముందు కాళ్ళ ఎముకలు ఇప్పటికీ చాలావరకు దొరకలేదు.