రాజుగారి ఊళ్లోనే రాజుగారి ఓటమి: బొబ్బిలి, 1937

(తెర మీద: పాత మద్రాసు రాష్ట్ర పటం. ఈశాన్య మూలన బొబ్బిలి దగ్గర ఎర్ర చుక్క.)

నమస్కారం. బొబ్బిలి పేరెత్తితే 1757 యుద్ధం గురించి ఎవరైనా చెబుతారు. 1937 గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఆ ఏడాది ఫిబ్రవరి ఎన్నికల్లో మద్రాసు రాష్ట్ర ప్రభుత్వాన్ని నడుపుతున్న బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు గారు తన సొంత బొబ్బిలిలోనే ఓడిపోయారు. గెలిచింది రైల్వే కార్మికుల నాయకుడు వరాహగిరి వెంకటగిరి. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఆయనే.

స్వాతంత్ర్యోద్యమం ఊపులో కాంగ్రెస్ గెలిచిందిలే అని తేల్చేస్తే ఈ ఓటు అర్థం కాదు. ఉద్యమం ఊపు ఉంది, నిజమే. దానితోపాటు ఏడెనిమిదేళ్లుగా రైతు ఇంట్లో కుదరని ఒక జమాఖర్చు కూడా ఉంది. ఈ వీడియోలో ఎక్కువసేపు దాని దగ్గరే ఉందాం.

(తెర మీద: ధాన్యం కళ్లం. పక్కన "శిస్తు", "వడ్డీ", "ధర" అని మూడు గడులు.)

1929 అక్టోబరులో అమెరికా షేర్ మార్కెట్ కూలింది. ప్రపంచమంతా సరుకు కొనేవాడు లేకుండా పోయాడు. మన వైపు వరి, వేరుశనగ, గోగునార పండిస్తారు. గోగునార భీమునిపట్నం రేవు నుంచి బయటి దేశాలకు పోయేది. వీటి ధరలన్నీ పడిపోయాయి. మద్రాసు రాష్ట్రంలో మూడు నాలుగేళ్లలో ధాన్యం ధర దాదాపు సగానికి వచ్చింది.

సగం ధర అంటే సగం నష్టం అనుకుంటాం. రైతుకు అలా ఉండదు. ఒక రైతు ఎస్టేటుకు, అంటే తన ఊరి జమీందారుకు, ఏటా 40 రూపాయల శిస్తు కట్టాలి అనుకుందాం. పుట్టి ధాన్యం 20 రూపాయలు పలికితే రెండు పుట్లు అమ్మితే చాలు. ధర 10కి దిగితే నాలుగు పుట్లు అమ్మాలి. ఈ అంకెలు వివరించడానికి నేను పెట్టినవే, కానీ జరిగింది సరిగ్గా ఇదే. పంట తగ్గలేదు, రైతు సోమరి కాలేదు. శిస్తు మాత్రం ధాన్యంలో చూస్తే రెట్టింపైంది.

షావుకారి అప్పు కూడా అంతే. ప్రోనోటు మీద రాసుకున్న రూపాయి ధరతోపాటు తగ్గదు కదా. మద్రాసు రాష్ట్రంలో గ్రామీణుల అప్పు 150 కోట్ల రూపాయలని 1930లో బ్యాంకింగ్ విచారణ సంఘం అంచనా వేసింది. 1935లో సత్యనాథన్ అనే అధికారి ఇచ్చిన నివేదిక దాన్ని దాదాపు 200 కోట్లకు చేర్చింది. పెరిగిన 50 కోట్ల కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. మొదటి 150 కోట్లు తీర్చడానికే ఇప్పుడు రెండింతల ధాన్యం కావాలి.

ఇంట్లో బంగారం ఉన్నవాళ్లు అది అమ్మారు. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు తన పౌండును బంగారం నుంచి విడదీశాక ఇక్కడ బంగారం ధర పెరిగింది. ఓడల కొద్దీ బంగారం దేశం దాటింది. అందులో శిస్తు కోసం, వడ్డీ కోసం ఊళ్లలో ఆడవాళ్ల ఒంటి మీద నుంచి దిగిన నగలున్నాయి. ఆనాటి ప్రభుత్వ లెక్కల్లో అది ఎగుమతి. ఆ మాట చదివినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది.

ఇక వలస. పని లేకపోతే రంగం, అంటే బర్మాలోని రంగూన్, పోవడం ఉత్తరాంధ్రకు అలవాటైన దారి. రంగూన్ రేవులో సరుకు దించే కూలీల్లో మనవాళ్లు చాలామంది. మాంద్యం ఆ దారినీ మూసేసింది. 1930 మేలో అక్కడ తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే బర్మా వాళ్లను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్లను వెనక్కి తీసుకోగానే అల్లర్లు లేచాయి. ఎందరో తెలుగు కూలీలు చనిపోయారు, ఎందరో ఓడలెక్కి తిరిగొచ్చేశారు. ఊరికి డబ్బు పంపే చేతులు ఊరి గంజిలో వాటాకొచ్చాయి.

(తెర మీద: రెండు గడులు. ఒకదానిపై "మంత్రులు", ఇంకోదానిపై "గవర్నరు".)

బొబ్బిలి రాజా 1932 నవంబరులో కాంగ్రెస్‌కు ప్రత్యర్థి అయిన జస్టిస్ పార్టీ ప్రభుత్వానికి పెద్ద అయ్యారు. అంటే మాంద్యం నడినెత్తికెక్కిన సమయం. ఆయన పట్ల న్యాయంగా ఒక మాట చెప్పాలి. అప్పటి ద్వంద్వ పాలనలో విద్య, వైద్యం, స్థానిక సంస్థల వంటివే మంత్రులవి. ఖజానా, భూమి శిస్తు, పోలీసు గవర్నరు మనుషుల చేతిలో ఉండేవి. రూపాయి మారకం రేటు సంగతి లండన్ చూసుకునేది. ధాన్యం ధర పెంచే మంత్రం బొబ్బిలి కోటలో లేదు.

కానీ తన చేతిలో ఉన్నదాని సంగతేమిటి? మంత్రి జీతం నెలకు 4,300 రూపాయల పైనే. జనం నగలు అమ్ముకుంటున్న రోజుల్లో ఆ జీతం తగ్గించుకోలేదు. కాంగ్రెస్ వాళ్లు మేం 500 తీసుకుంటామన్నారు. 500 కూడా ఆ రోజుల్లో చిన్న మొత్తం కాదు, అయినా ఆ తేడా ఊరూరా పాకింది. దానికితోడు పాలించేవాడే జమీందారు. శిస్తు అడిగే ఠాణా, అంటే ఎస్టేటు కచేరీ, ఆయనదే, ఓటు అడిగే మనిషీ ఆయనే.

ఎదుట నిలబడ్డ గిరి గారిది బరంపురం. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘం నడిపిన మనిషి. ఆ రైలు దారే విజయనగరం మీదుగా పోతుంది.

ఓటు అందరికీ లేదు. శిస్తో పన్నో కట్టేవాళ్లు, చదువు వచ్చినవాళ్లు, అలా దాదాపు ఆరేడుగురిలో ఒకరికి వచ్చింది. రంగం నుంచి తిరిగొచ్చిన భూమి లేని కూలీకి రాలేదు. ఆడవాళ్లలో కొద్దిమందికే. అంటే మాంద్యంలో అందరికంటే ఎక్కువ నలిగినవాళ్లు ఈ ఎన్నికలో లేరు. ఉన్నది శిస్తు కట్టే రైతు. ఆ రైతుకు ఎస్టేటు మీద భయం ఉంది. అయితే పోలింగులో రంగు పెట్టెలు పెట్టారు. కాంగ్రెస్‌ది పసుపు పెట్టె. చదువు రాకపోయినా చీటీ తీసుకెళ్లి ఆ పెట్టెలో వేస్తే చాలు. ఎవరు ఎందులో వేశారో ఠాణాకు తెలియదు.

శాసనసభలో 215 స్థానాలకు కాంగ్రెస్‌కు 159 వచ్చాయి.

(తెర మీద: 1937 ఏప్రిల్, మే, జూన్ క్యాలెండరు కాగితాలు.)

గెలిచిన పార్టీ వెంటనే గద్దె ఎక్కలేదు. గవర్నరు తన ప్రత్యేకాధికారాలు వాడి అడ్డుపడనని మాటివ్వాలని కాంగ్రెస్ పట్టుబట్టింది. ఈలోగా కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారి తాత్కాలిక మంత్రివర్గం నడిచింది. జూలైలో రాజాజీ వచ్చారు. ప్రకాశం గారికి రెవెన్యూ, గిరి గారికి కార్మిక, పరిశ్రమల శాఖలు. అదే ఏడాది ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతుల పాదయాత్ర బయలుదేరింది. గెలిపించి ఇంట్లో కూర్చోలేదు వాళ్లు.

1935 నాటి కొత్త రాజ్యాంగ చట్టం వల్ల ఇప్పుడు శాఖలన్నీ మంత్రులవే. 1938 మార్చిలో వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం అమలైంది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పు మీద పేరుకున్న వడ్డీ రద్దు, అసలు కడితే చాలు. అసలుకు రెట్టింపు అప్పటికే కట్టేసి ఉంటే అప్పే లేదు. ఆ తేదీ తర్వాతి అప్పులకు నూటికి 5 చొప్పున బారువడ్డీ. ఎస్టేటు రైతులకు పాత శిస్తు బకాయిల్లోనూ వెసులుబాటు ఇచ్చారు. రెండు ఫసలీల (శిస్తు లెక్కల సంవత్సరాల) శిస్తు గడువులోగా కడితే అంతకు ముందువి కొట్టేస్తారు.

నా దృష్టిలో ఆ ప్రభుత్వం చేసిన అన్ని పనుల్లో ఇదే పెద్దది. లోటూ ఉంది. భూమి ఉన్నవాడే చట్టం లెక్కలో వ్యవసాయదారు, కూలీ కాడు.

జమీందారీ సంగతి మాత్రం తెగలేదు. ప్రకాశం గారి సంఘం ఎస్టేట్ల రైతుల సాక్ష్యాలు విని, భూమికి హక్కుదారు రైతేననీ, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమేననీ, శిస్తు జమీందారీలకు శాశ్వత ఏర్పాటు జరిగిన 1802 నాటి స్థాయికి తగ్గించాలనీ 1938లో తేల్చింది. అది చట్టం కాకముందే, భారతీయులను అడక్కుండా దేశాన్ని యుద్ధంలోకి దించారని 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. మళ్లీ గవర్నరు పాలన.

1940 మార్చిలో పలాసలో కిసాన్ మహాసభ జరిగింది. ఏప్రిల్ 1న మందస ఎస్టేటులోని గుడారి రాజమణిపురంలో, అడవి కలప హక్కు కోసం నిలబడ్డ రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సాసుమాన గున్నమ్మ, మరికొందరు రైతులు చనిపోయారు. ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. జమీందార్లకు పరిహారం, రైతులకు పట్టా.

మీ ఇంట్లో ఆనాటి ఎస్టేటు శిస్తు రసీదు గానీ, 1938 చట్టం కింద కొట్టేసిన ప్రోనోటు గానీ ఉంటే పారేయకండి. మీ ఊరు ఏ ఎస్టేటు కింద ఉండేదో కింద రాయండి. మందస రైతుల పోరాటం మీద వచ్చే వీడియో చేస్తున్నాను. ఆ ఊళ్ల వాళ్లు తప్పకుండా మాట్లాడండి.