ముఖానికి రేటు కట్టిన చట్టం: టెక్ కంపెనీల మీద కేసులేసే జూనియర్ లాయర్ పనేంటి?

(స్క్రీన్ మీద: పెళ్లి గ్రూప్ ఫొటో. ఒక్కో ముఖం చుట్టూ చిన్న డబ్బా)

నమస్తే! ఒకప్పుడు పెళ్లి ఫొటో పెట్టగానే ఎవరెవరున్నారో ఫేస్‌బుక్కే పేర్లు సూచించేది, గుర్తుందా? అడక్కుండా మా ముఖాల కొలతలు ఎలా తీస్తారని అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంవాళ్లు 2015లో కేసేశారు.

ఇలాంటి కేసుల్లో జనం తరఫున, అంటే వాది తరఫున పనిచేసే కుర్ర లాయర్‌కి మొదటి తలనొప్పి జడ్జి అడిగే ప్రశ్నే. "ఇంతకీ మీకు జరిగిన నష్టమేంటి?" జేబులోంచి రూపాయి పోలేదు, ఒంటికి దెబ్బ తగల్లేదు. ఏం చెప్తారు?

ఇలినాయ్‌లో జవాబు 2008 నుంచే చట్టంలో ఉంది. వేలిముద్ర గానీ ముఖం కొలతలు గానీ తీసుకోవాలంటే ముందే రాతపూర్వకంగా అనుమతి కావాలి. నిర్లక్ష్యంగా తప్పితే ఆ మనిషికి 1,000 డాలర్లు ఇవ్వాలి, కావాలని తప్పితే 5,000. వేరే నష్టమేదీ చూపించక్కర్లేదని 2019లో ఒక వినోద పార్కు కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చేసింది. పార్కు పాస్ కోసం 14 ఏళ్ల కుర్రాడి వేలిముద్ర తీసుకున్నారు, గొడవంతా అదే!

(స్క్రీన్ మీద: కిటికీ లేని గది, బల్ల మీద ఒకే కంప్యూటర్)

మరి జూనియర్ రోజంతా ఏం చేస్తారు? "అబ్జెక్షన్ యువరానర్" అనే అవకాశం మాత్రం అరుదు. కంపెనీ అప్పగించిన ఈమెయిళ్లు, చాట్‌లు వేలకొద్దీ చదవాలి. ఏ పదాలతో వెతకాలన్న దాని మీద కూడా అవతలి లాయర్లతో వారాలకు వారాలు పేచీ. సోర్స్ కోడ్, అంటే ఇంజనీర్లు రాసిన అసలు ప్రోగ్రామ్ చూడాలంటే మామూలుగా ఇలాంటి గదికే వెళ్లాలి. కంప్యూటర్‌కి ఇంటర్నెట్ ఉండదు, ఫోన్ బయటే పెట్టాలి, ప్రింట్ తీసే పేజీలకూ లెక్క. పక్కన కూర్చున్న ఇంజనీర్ నిపుణుడు చెప్పింది జడ్జికి అర్థమయ్యేలా రాయడమే అసలు పని. కోడింగ్ కొంచెం వచ్చినవాళ్లకి ఇక్కడ గిరాకీ ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

ఫేస్‌బుక్ 2020లో 55 కోట్ల డాలర్లకి రాజీకొచ్చింది. జడ్జి జేమ్స్ డొనాటో చాలదన్నారు. 65 కోట్లయ్యాక 2021లో ఒప్పుకున్నారు. దాదాపు 16 లక్షల మంది క్లెయిమ్ పెట్టారు, మనిషికి కనీసం 345 డాలర్లు. లాయర్లకి 9.75 కోట్లు. కళ్లు తిరుగుతున్నాయా? ఓడిపోయి ఉంటే వాళ్లకి పైసా రాదు, ఏళ్ల తరబడి పెట్టిన ఖర్చూ గోవిందా. జూనియర్‌కి ఎటైనా జీతమే అనుకోండి.

మన దేశంలో అలా కుదరదు. గెలిస్తేనే ఫీజు అనే ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలు ఒప్పుకోవు. మన 2023 డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది గానీ, అది వెళ్లేది ప్రభుత్వ ఖజానాకి. డేటా పోయినవాడికి అందులో వాటా లేదు.