రెండోసారి లివర్ మార్చాల్సి వస్తే

అందరికీ నమస్కారం.

బతికున్న దాత ఇచ్చిన లివర్ భాగంతో ట్రాన్స్‌ప్లాంట్ చేసి రోగిని నిలబెట్టడం మొదట 1989లో బ్రిస్బేన్‌లో సాధ్యమైంది. తల్లి లివర్‌లోంచి కొంత భాగం తీసి కొడుక్కి పెట్టారు. ఆ తర్వాత ఎన్నో కుటుంబాలు ఈ దారిలో నడిచాయి. మరి పెట్టిన లివర్ పనిచేయకపోతే? ఈ ప్రశ్న ఆపరేషన్‌కు ముందే రావాలి. చాలాసార్లు ఐసీయూ బయట నిలబడ్డాక వస్తుంది.

మొదటి రోజుల్లో మా అసలు టెన్షన్ రక్తనాళం గురించే. దాత ఇచ్చిన భాగానికి ఉండే ధమని రెండు, మూడు మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. వెంట్రుక కన్నా సన్నని దారంతో దాన్ని కుడతాం. అందులో రక్తం గడ్డ కడితే పిత్తనాళాలు (లివర్‌లో తయారయ్యే పిత్తరసాన్ని పేగులోకి తీసుకెళ్లే గొట్టాలు) చచ్చుబడతాయి. అందుకే రోజూ రక్తం సరిగా పారుతోందో లేదో చూపే డాప్లర్ స్కాన్ చేస్తాం. పెట్టిన భాగం రోగి బరువులో 0.8 శాతం కన్నా తక్కువైతే అది భారం మోయలేకపోవచ్చు. నెలలు, ఏళ్లు గడిచాక వచ్చే సమస్యలు వేరు: రిజెక్షన్ (కొత్త లివర్‌ను శరీరం తనది కాదని తిప్పికొట్టడం), పిత్తనాళాలు మూసుకుపోవడం, పాత జబ్బు తిరగబెట్టడం.

రెండో ఆపరేషన్ ఫలితాలు మొదటిదానంత బాగుండవు. ఈ మాట దాచకూడదు. లోపల పేగులు, లివర్ అతుక్కుపోయి ఉంటాయి. వాటిని విడదీస్తుంటే రక్తం ధారగా పోతుంది. కుట్టడానికి మిగిలిన ధమని ముక్క పొట్టిగా ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ సరేసరి, ప్రాణాలు తీసేది ఎక్కువగా అదే.

అయినా అందరి పరిస్థితీ ఒకటి కాదు. కిడ్నీలు పనిచేస్తూ, వెంటిలేటర్ అవసరం లేకుండా థియేటర్‌కు వచ్చిన రోగికి మంచి అవకాశమే ఉంటుంది. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే బిలిరుబిన్, కిడ్నీలు దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ రెండూ పెరిగిపోయి, ఒక్కో అవయవం చేతులెత్తేశాక వస్తే మేం చేయగలిగింది తక్కువ. 'ఇంకో వారం చూద్దాం' అనే మాటే నన్ను ఎక్కువగా భయపెడుతుంది. మొదటి లివర్ కోలుకోదని తేలిన రోజే నిర్ణయం జరగాలి.

అప్పుడు లివర్ ఎక్కడి నుంచి వస్తుంది? మొదటి దాత మళ్లీ ఇవ్వలేరు. బ్రెయిన్‌డెడ్ దాత దొరికితే పూర్తి లివర్, పొడవైన రక్తనాళాలు వస్తాయి, మా పని కొంత తేలికవుతుంది. దొరక్కపోతే ఇంట్లో ఇంకొకరిని అడగాలి. లివర్ ఇచ్చేవాళ్లలో వెయ్యికి ఒకరి నుంచి ఐదుగురి దాకా చనిపోయే ప్రమాదం ఉందని అంచనా. కళ్లముందే మనిషి పోతుంటే ఆ రెండో దాత 'నాకు భయంగా ఉంది' అని ఎవరితో చెప్పుకుంటారు? వాళ్లను ఇంటివాళ్లెవరూ లేకుండా విడిగా కూర్చోబెట్టి మాట్లాడండి. వద్దంటే కారణం అడగకండి, ఆ విషయం గదిలోనే ఉండనివ్వండి.