గ్యారేజీ లేని ఇంట్లో రెండు కయాక్‌లు: మినెసోటా చలికాలానికి ఎక్కడ పెట్టాలి?

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. పోయిన వీడియోలో చెరువు చూపించినప్పటి నుంచి పెద్దమ్మ మొదలుకుని బావగారి దాకా ఫోన్లో ఒకటే ప్రశ్న: "కారుకే షెడ్డు లేదన్నావు, ఆ పడవలు ఎక్కడ పెడతావురా?" అందుకే ఈ వీడియో. మధ్యలో యాడ్ వస్తే స్కిప్ కొట్టకండి, ఈ చెక్కల ఖర్చు దాంట్లోంచే రావాలి.

కయాక్ అంటే ఒక్కరు కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవ. నా వెనక ఉన్నవి 10 అడుగుల పొడవు, 30 అంగుళాల వెడల్పు, ఒక్కోటీ 20 కిలోల పైచిలుకు. మొత్తం పాలిథిలీన్ ప్లాస్టిక్కే. సెకండ్ హ్యాండ్‌లో 200 డాలర్లకి దొరుకుతుంది. డాలరుకి 90 వేసుకుంటే 18,000 రూపాయలు. ఇక్కడి దాకా బాగానే ఉంటుంది. అసలు లెక్క పెట్టే చోటు దగ్గర మొదలవుతుంది. సామాన్లు దాచుకోవడానికి ఇక్కడ అమెరికాలో స్టోరేజ్ గదులు అద్దెకిస్తారు. 5 అడుగుల వెడల్పు, 10 అడుగుల లోతు గది ఊరిని బట్టి నెలకి 60 నుంచి 100 డాలర్లు. అంటే రెండు మూడు నెలల అద్దెకి ఇంకో పడవే వచ్చేస్తుంది! ఈ దేశంలో వస్తువు చవక, అది పెట్టుకునే చోటు ఖరీదు.

అయినా ఆ గదే తీసుకునేవాళ్ళకి ఒక మాట. పేరుకే 10 అడుగులు, గోడల రేకు మడతలు పోను 10 అడుగుల పడవ నేల మీద పడుకోబెడితే షట్టర్ పడదు. కప్పు 8 అడుగుల ఎత్తుంటే ఏటవాలుగా నిలబెట్టండి, మూల నుంచి మూలకి 12 అడుగుల పైన చోటు దొరుకుతుంది. కింద ఆనే కొసకి మందపాటి ఫోమ్ వేయాలి. లేకపోతే బరువంతా ఆ ఒక్క చోటే పడి నొక్కుకుపోతుంది.

మినెసోటాలోని మినియాపోలిస్ సిటీలో ఉండేవాళ్ళకి ఇంకో దారి ఉంది. అక్కడి పార్క్ బోర్డు హ్యారియట్, నోకోమిస్, బిదే మకా స్కా లాంటి చెరువుల ఒడ్డునే ర్యాకులు అద్దెకిస్తుంది. పడవ అక్కడే తాళం వేసి చేతులూపుకుంటూ ఇంటికి రావచ్చు. కాకపోతే అడిగేవాళ్ళు ఎక్కువ, పైగా అది సీజన్ వరకే. మంచు కాలానికి మళ్ళీ మన గుమ్మం ముందుకే వస్తుంది.

చెరువులంటే గుర్తొచ్చింది, ఇక్కడ కారు నంబరు ప్లేటు మీద కూడా "10,000 చెరువులు" అని రాసుంటుంది. నిజానికి 10 ఎకరాలు, ఆపైన ఉన్నవే లెక్కేస్తే 11,842. తక్కువ చేసి చెప్పుకునే గవర్నమెంటు ఇదొక్కటేనేమో. తెడ్డు పడవే అయినా 10 అడుగులు దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి, అందుకే కొనేటప్పుడు సరిగ్గా 10 అడుగుల దగ్గర ఆగడం తెలివైన పని. మన కృష్ణలో, తుంగభద్రలో పుట్టి పడవ నడిపేవాళ్ళకి ఈ బాధే లేదు. నెత్తి మీద బోర్లించుకుని ఇంటికి తెచ్చి గోడకి ఆనిస్తే అయిపోయింది. సరే, ఎక్కడున్నాం?

ఇక్కడ గోడకి ఆనించడం కుదరదు, ఎందుకో చెప్తాను. ఈ ఇళ్ళ బయటి గోడ ఇటుక కాదు, వినైల్ పలక. దానికి మేకు కొడితే లోపలికి నీళ్ళు దిగుతాయి, అద్దె ఇల్లయితే డిపాజిట్ కూడా దిగుతుంది. పైగా టౌన్‌హౌస్ (వరస ఇళ్ళ) అసోసియేషన్ వాళ్ళు రోడ్డు నుంచి ఏదీ కనపడకూడదంటారు. వాళ్ళ రూల్స్ పుస్తకంలో పడవల గురించి ఏముందో ముందే చదువుకోండి. మిగిలేది ఇంటి వెనక ఎత్తుగా ఉండే చెక్క అరుగు, అదే డెక్, దాని కింద, గోడకి తగలకుండా, తన కాళ్ళ మీద తాను నిలబడే ర్యాకు.

ర్యాకు కంటే ముందు పడవ ఏ భంగిమలో ఉండాలో తేల్చుకోవాలి. మామూలుగా అడుగు భాగం కిందికి పెట్టి వదిలేస్తే ఆనిన రెండు చోట్లా అది లోపలికి వంగుతుంది, పైగా కూర్చునే గుంట నిండా నీళ్ళు. పక్కకి తిప్పి అంచు మీద నిలబెట్టడం అన్నిటికన్నా మంచిది, ప్లాస్టిక్ అక్కడ గట్టిగా ఉంటుంది. రెండో ఎంపిక బోర్లించడం. కొసల్లో ఉన్న హ్యాండిళ్ళకి తాడు కట్టి వేలాడదీయడం మాత్రం వద్దు. మధ్యలో కుంగి అరటికాయలా వంకర తిరుగుతుంది.

ఇప్పుడు కొలతలు. ఇక్కడ దొరికే చెక్క పేరు టూ బై ఫోర్, కానీ కొలిస్తే ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలే. మోసం కాదు, వాడుక అంతే. మందు ఎక్కించిన ప్రెషర్ ట్రీటెడ్ రకం 8 అడుగులవి 5 తీసుకోండి, చెప్తే షాపులోనే కోసిస్తారు. ఒకటి సగానికి కోస్తే 4 అడుగుల దిమ్మెలు రెండు, అవి అడుగున పెట్టేవి. ఇంకోటి సగానికి కోస్తే ఆ దిమ్మెలని కలిపే అడ్డ పట్టీలు. రెండింటిని 30 అంగుళాల ముక్కలు చేస్తే 6 నిలువు కర్రలు, దిమ్మెకి మూడు చొప్పున. కర్రకీ కర్రకీ మధ్య 16 అంగుళాల ఖాళీ వదిలితే అంచు మీద నిలబడ్డ కయాక్ సులువుగా దూరుతుంది. అయిదోది ఏటవాలు ఊతకి, అది లేకపోతే మొత్తం ఒక పక్కకి ఒరుగుతుంది. రెండు దిమ్మెల మధ్య దూరం 10 అడుగుల పడవకి 4 అడుగులు, 12 అడుగులదానికి 5. దగ్గరగా పెడితే కొసలు వాలిపోతాయి, దూరంగా పెడితే నడుము కుంగుతుంది.

3 అంగుళాల డెక్ స్క్రూలే వాడండి. మామూలువి మందు చెక్కలో తుప్పు పడతాయి. పిల్లలు ఈత కొలనులో పట్టుకునే ఫోమ్ గొట్టాలు ఉంటాయి కదా, వాటిని నిలువునా చీల్చి కర్రలకి తొడిగి జిప్ టై వేయండి. కింద సిమెంటు పలకలు. అంతా కలిపి 50 డాలర్లు, 4,500 రూపాయలు. ఇలాంటిదే రెడీమేడ్ ఇనుప ర్యాకు దానికి రెండింతలు పైనే.

ర్యాకు ఒక్కరే చేసేయొచ్చు కానీ పడవ ఎక్కించడానికి ఇంకో మనిషి కావాలి. ఊళ్ళో అయితే "ఒరేయ్" అంటే నలుగురొస్తారు, అడగకపోయినా ఇద్దరు సలహాలిస్తారు. ఇక్కడ శనివారం కోసం సోమవారమే మెసేజ్ పెట్టాలి. సర్లెండి, వదిలేద్దాం.

గాలికి ర్యాకు పడిపోకుండా నేలలోకి మెలితిప్పే స్క్రూ లంగర్లు రెండు వేసి పట్టీతో కట్టాలి. ఇది నవంబరు రాకముందే అయిపోవాలి. నేల గడ్డకట్టాక అవి దిగవు. పట్టీ పడవని పట్టుకుంటే చాలు, బిగించి నొక్కకూడదు. జులైలో 30 డిగ్రీలు, జనవరి రాత్రి మైనస్ 20. ఇంత తేడాకి 10 అడుగుల ప్లాస్టిక్ పొడవులో సుమారు 2 సెంటీమీటర్లు పెరిగి తగ్గుతుంది. కదిలే చోటివ్వాలి. గట్టి చలిలో పడవని కింద పడేయకండి, ఎండాకాలం సొట్టతో పోయే దెబ్బకి అప్పుడు పగులుతుంది.

దొంగల సంగతి. హ్యాండిల్‌కి సైకిల్ తాళం వేసి నిశ్చింతగా ఉంటారు చాలామంది. ఆ హ్యాండిల్ రెండు స్క్రూల మీద ఆగి ఉంటుంది, స్క్రూ డ్రైవరుంటే నిమిషం పని. పైన కూర్చునే రకానికి నీళ్ళు కారే రంధ్రాలు పడవ అడుగు భాగం దాకా ఉంటాయి, వాటిలోంచి ఇనుప కేబుల్ దూర్చండి. లోపల కూర్చునే రకానికి గుంటలో అడ్డంగా పట్టే లాక్ బార్ తీసుకుని, దానికి కేబుల్ వేసి డెక్ స్తంభానికి చుట్టాలి. వెనక కుడి వైపు 12 అక్షరాల నంబరు చెక్కి ఉంటుంది, ఫోటో తీసి పెట్టుకోండి.

ర్యాకులో పెట్టే ముందు మంచినీళ్ళతో కడిగి, డ్రెయిన్ ప్లగ్ తీసి 5 రోజులు ఆరనివ్వండి. చెరువులకి జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప అంటుకోకుండా ఇక్కడి వాళ్ళు చెప్పే లెక్క అది. ప్లగ్ తీసి పడవని రవాణా చేయాలన్నది చట్టం కూడా. లోపల నీళ్ళు మిగిలితే గడ్డకట్టి ఉబ్బుతాయి. సీటు, తెడ్డు, లైఫ్ జాకెట్ ఇంట్లోకి తెచ్చేయండి. ఎలుకలకి సీటు ఫోమ్ అంటే ప్రాణం. గుంటకి మూత వేయండి, పడవలో సామాన్లు పెట్టే అరల మూతలు మాత్రం కొంచెం వదులుగా ఉంచండి, గాలి ఆడాలి. పైన టార్పాలిన్ పడవకి అంటుకోకుండా ఏటవాలుగా కట్టాలి. అంటుకుంటే లోపల చెమ్మ పట్టి నల్లగా బూజు వస్తుంది, మంచు కూడా జారకుండా అక్కడే పేరుకుంటుంది. ఎండ పడే చోటయితే 303 ప్రొటెక్టెంట్ లాంటి యూవీ స్ప్రే అప్పుడప్పుడు తుడిస్తే రంగు త్వరగా పోదు.

డెక్ కూడా లేని అపార్ట్‌మెంట్ వాళ్ళు గట్టి పడవ జోలికే పోకండి. సోఫా వెనక పెడదామనుకుంటే ముందు లిఫ్టు, మెట్ల మలుపు కొలవండి. గాలి కొట్టే రకం అల్మరాలో పడుతుంది, కాకపోతే మడతల మధ్య తడి పూర్తిగా ఆరాకే చుట్టాలి. ఒరిగామీ కాగితంలా మడతపడే కయాక్‌లూ ఉన్నాయి, మంచం కింద దూరుతాయి, ధర వినేటప్పుడు కూర్చుని వినండి.

ఏప్రిల్‌లో తీసి చూస్తే అడుగున సొట్ట కనపడిందా? కంగారు పడి సుత్తి తీయకండి. ఎండలో బోర్లించి మధ్యాహ్నం దాకా ఉంచితే చాలా మటుకు అదే తేరుకుంటుంది. మొండిదైతే వేడి నీళ్ళు పోసి లోపలి నుంచి అరచేత్తో మెల్లగా తొయ్యండి, పైకి వచ్చాక చల్లని తడిగుడ్డ వేసి ఆ ఆకారంలోనే బిగుసుకోనివ్వండి. హీట్ గన్ పెట్టొద్దు, ఒకే చోట ఎక్కువసేపు పడితే ప్లాస్టిక్ పల్చబడి చిల్లు పడుతుంది.