జపాన్ మెషిన్ టూల్స్ అమెరికాను ఎలా దాటేశాయి?

[దృశ్యం: చిన్న షెడ్డు, సగం ఎత్తిన షట్టర్]

మెషిన్ టూల్ అంటే లోహాన్ని కోసి, చెక్కి భాగాలు చేసే మెషిన్. హైదరాబాద్ బాలానగర్‌లో ఏదైనా సీఎన్‌సీ షెడ్డులోకి, అంటే ఇలాంటి మెషిన్లను కంప్యూటర్‌తో నడిపే చోటికి, తొంగి చూడండి. ఆపరేటర్ జాబ్‌ను, అంటే చెక్కాల్సిన లోహపు ముక్కను, చక్ అనే పట్టులో బిగిస్తాడు, తలుపు లాగుతాడు, పచ్చ బటన్ నొక్కుతాడు. ఆ బటన్ పైనున్న తెరను గమనించండి. మెషిన్ బెంగళూరులోనో రాజ్‌కోట్‌లోనో తయారైనా, తెర పక్కన చాలాసార్లు 'ఫానుక్' అని కనిపిస్తుంది. అది జపాన్ కంపెనీ పేరు. అంటే ఒళ్లు మనది, బుర్ర వాళ్లది.

తమాషా ఏమిటంటే ఈ బుర్ర పుట్టింది జపాన్‌లో కాదు, అమెరికాలో.

[దృశ్యం: రంధ్రాలున్న పేపర్ టేపు కదులుతూ]

మిషిగన్‌లో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కలు చేసేవాడు. ఆ వంపులు చేతి లెక్కతో కచ్చితంగా రావడం కష్టం. అందుకే కొలతలను అంకెలుగా మార్చి మెషిన్‌కే ఇద్దామనుకున్నాడు. అమెరికా వైమానిక దళం డబ్బు పెట్టింది. 1952లో ఎంఐటీ అనే అమెరికా విశ్వవిద్యాలయం వాళ్లు ఒక మిల్లింగ్ మెషిన్‌ను (తిరిగే కత్తితో లోహాన్ని చెక్కేదాన్ని) పేపర్ టేపుతో నడిపించి చూపారు. కంట్రోల్ పెట్టె మెషిన్ కంటే పెద్దది, లోపలంతా వాక్యూమ్ ట్యూబులు!

డబ్బు ఇచ్చింది ఎవరో గుర్తుందిగా? విమానాల వాళ్లు. వాళ్లకు కావాల్సింది క్లిష్టమైన మెషిన్, ధర ఎంతైనా ఫర్వాలేదు. అమెరికా కంపెనీలు ఆ దారిలోనే వెళ్లాయి. నలుగురు పనివాళ్లతో నడిచే చిన్న వర్క్‌షాప్ గురించి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

జపాన్‌లో ఫుజిట్సు కంపెనీ 1956లో సొంత కంట్రోలర్, అంటే మెషిన్‌ను నడిపే బుర్ర, చేసింది. ఆ విభాగమే 1972లో ఫానుక్ పేరుతో వేరుపడింది. వాళ్లు కంట్రోలర్‌ను మామూలు సరుకులా మార్చేశారు. లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే మెషిన్) ఏ కంపెనీదైనా బుర్ర ఒకటే కావడంతో, ఒకచోట నేర్చుకున్న కుర్రాడు ఇంకోచోట కూడా నడపగలిగాడు. అమెరికాలో మాత్రం సిన్సినాటి మిలక్రాన్ లాంటి పెద్ద కంపెనీ తన కంట్రోలర్ తనే చేసుకునేది.

నన్నడిగితే అసలు దెబ్బ ధరలో కాదు, డెలివరీలో తగిలింది. 1970ల చివర్లో ఆర్డర్లు వెల్లువెత్తితే అమెరికా కంపెనీలు వాటిని పేర్చుకుంటూ పోయాయి. ఆర్డర్ బుక్ నిండుగా ఉంటే యజమానికి సంబరమే కదా. కానీ చేతిలో పని పెట్టుకుని మెషిన్ కోసం నెలల తరబడి ఎదురుచూసే షాపు ఓనర్ టెన్షన్ వేరు. జపాన్ డీలర్ దగ్గర మెషిన్ స్టాకులో ఉంది. ఎవరి దగ్గర కొంటాడు చెప్పండి? 1982కల్లా మెషిన్ టూల్స్ ఉత్పత్తిలో జపాన్ అమెరికాను దాటేసింది.

[దృశ్యం: వాషింగ్టన్, ఫైళ్ల దొంతర]

అదే ఏడాది హుడాయ్ అనే అమెరికా కంపెనీ ప్రభుత్వం దగ్గరికి పరుగెత్తింది. జపాన్ మెషిన్ కొన్నవాళ్లకు పన్ను రాయితీ ఇవ్వొద్దని అడిగింది. 1983లో రీగన్ ప్రభుత్వం కుదరదంది. ఇక్కడ ఇంకో ముచ్చట ఉంది. 1979లోనే పెట్టుబడి సంస్థ కేకేఆర్ హుడాయ్‌ను అప్పు మీద కొనేసింది. ఆ అప్పు భారం మోస్తున్న కంపెనీ కష్టాలన్నిటికీ టోక్యోనే కారణమంటే నమ్మడం కష్టం.

ఆ తర్వాత మెషిన్ టూల్ తయారీదారుల సంఘం 'జాతీయ భద్రత' మాట ఎత్తింది. అందులో నిజం లేకపోలేదు. ఫిరంగి గొట్టం దగ్గర్నుంచి జెట్ ఇంజన్ దాకా అన్నీ ఈ మెషిన్ల మీదే పుట్టాలి. 1986 చివర్లో జపాన్, తైవాన్ ఎగుమతులు తగ్గించుకుంటామని ఒప్పుకున్నాయి. పశ్చిమ జర్మనీ, స్విట్జర్లాండ్ ఒప్పందానికి రాలేదు.

[దృశ్యం: మ్యాప్ మీద కెంటకీ]

మరి జపాన్ వాళ్లు ఆగారా? మజాక్ 1974లోనే కెంటకీలో ఫ్యాక్టరీ తెరిచింది. ఒప్పందం తర్వాత ఒకుమా నార్త్ కరోలినాకు వెళ్లింది. ఆ ఒప్పందపు కోటాలో లెక్కించేది ఓడ దిగే మెషిన్లనే. కెంటకీలో బిగించి, కెంటకీలోనే లారీ ఎక్కించే లేత్‌ను ఏ రేవులో లెక్కపెడతారు?

సిన్సినాటి మిలక్రాన్ 1998లో తన మెషిన్ టూల్ వ్యాపారాన్ని అమ్మేసింది. 1952లో ఎంఐటీ పేపర్ టేపుతో నడిపించిన ఆ మొదటి మిల్లింగ్ మెషిన్ కూడా సిన్సినాటిదే.