సోటోను తెచ్చారు, మళ్లీ వదులుకున్నారు: శాన్ డియేగో జీతాల లెక్క

యాంకర్: నమస్కారం. ఈ రోజు చర్చ అమెరికా బేస్‌బాల్ జట్టు శాన్ డియేగో పాడ్రెస్ మీద. 2022 ఆగస్టులో వాషింగ్టన్ నేషనల్స్ నుంచి హువాన్ సోటోను తెచ్చుకున్నారు. పదహారు నెలలకే న్యూయార్క్ యాంకీస్‌కు ఇచ్చేశారు. సార్, ఇంత హడావుడి ఎందుకు?

విలేకరి: గెలవాలని. అప్పటికి సోటోకు 23 ఏళ్లు. నేషనల్స్ 15 ఏళ్లకు 44 కోట్ల డాలర్లు ఇస్తామంటే కాదన్నాడు. అలాంటి బ్యాటర్ మార్కెట్లోకి వస్తే ఎవరైనా వదులుకుంటారా?

ఆడిటర్: ఏం ఇచ్చి తెచ్చుకున్నారో కూడా చెప్పండి సార్. సి.జె. ఏబ్రమ్స్, మెకెంజీ గోర్, జేమ్స్ వుడ్, రాబర్ట్ హాసెల్, సుసానా. అందరూ కుర్రాళ్లే. ఏబ్రమ్స్ 2024లో మేటి ఆటగాళ్ల ఆల్‌స్టార్ జట్టుకు ఎంపికయ్యాడు, గోర్, వుడ్ 2025లో.

విలేకరి: అది ఇప్పుడు తెలిసింది మేడమ్. కింది లీగుల్లో మెరిసినవాళ్లలో సగం మంది పైకి వచ్చాక కనపడరు.

ఆడిటర్: నేను ప్రతిభ గురించి మాట్లాడటం లేదు, జీతం గురించి మాట్లాడుతున్నాను. కుర్రాడు పైస్థాయి అయిన మేజర్ లీగ్‌కు వచ్చాక దాదాపు ఆరేళ్లు జట్టు చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్లూ ఇంచుమించు కనీస వేతనమే. 2023లో అది 7.2 లక్షల డాలర్లు. తర్వాత ఆర్బిట్రేషన్‌లో, అంటే మధ్యవర్తి తీర్పుతో, పెరుగుతూ పోతుంది. అదే ఏడాది సోటో జీతం 2.3 కోట్ల డాలర్లు. ఐదుగురు కుర్రాళ్లను ఇచ్చారంటే, చౌకగా నిండాల్సిన స్థానాలను ఇక బయట మార్కెట్ రేటుకు నింపాలి. ఆ బిల్లు ఆటగాళ్లను మార్చుకున్న రోజు కనపడదు. రెండేళ్లకు వస్తుంది.

యాంకర్: నిజంగానే వచ్చిందా?

ఆడిటర్: జట్టులోని టాటిస్‌కు అప్పటికే 14 ఏళ్లకు 34 కోట్ల డాలర్లు. 2022-23 శీతాకాలంలో బోగార్ట్స్‌కు 11 ఏళ్లకు 28 కోట్లు, మచాడోకు 11 ఏళ్లకు 35 కోట్లు. బోగార్ట్స్ ఒప్పందం అయ్యేసరికి అతనికి 40 ఏళ్లు దాటిపోతాయి.

యాంకర్: ఇంత పొడుగాటి ఒప్పందాలు ఎందుకు?

ఆడిటర్: లగ్జరీ ట్యాక్స్ తగ్గించుకోవడానికి. జట్టు జీతాల మొత్తం హద్దు దాటితే కట్టాల్సిన పన్ను అది. ఒప్పందం మొత్తాన్ని ఏళ్లతో భాగించి, ఆ సగటునే లెక్కలోకి తీసుకుంటారు. ఏళ్లు సాగదీస్తే సగటు తగ్గుతుంది. 2023లో హద్దు 23.3 కోట్లు. దాటితే మొదటి ఏడాది పైమొత్తం మీద 20 శాతం, రెండోసారి 30, వరసగా మూడోసారి 50. పాడ్రెస్‌కు అది మూడోసారి. అప్పు చేసి పప్పు కూడు అంటారే, అదే.

విలేకరి: ఆ పప్పు కూడు బాగానే ఉంది మేడమ్! 2022లో 111 మ్యాచ్‌లు గెలిచిన డాడ్జర్స్‌ను ఇంటికి పంపారు. 1998 తర్వాత మళ్లీ నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) ఫైనల్ దాకా వెళ్లారు. 2023లో స్టేడియానికి 32 లక్షలకు పైగా జనం వచ్చారు. శాన్ డియేగోలో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు కూడా లేదిప్పుడు.

ఆడిటర్: ఆ 2023లో గెలిచింది 82, ఓడింది 80. సీజన్ చివరి నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు.

విలేకరి: ఆ ఏడాది మే నెలలో ప్రసార సంస్థ దివాలా గొడవలో డబ్బు కట్టడం మానేసింది. నవంబరులో యజమాని పీటర్ సైడ్లర్ పోయారు. ఇవన్నీ ఎవరు ఊహిస్తారు?

ఆడిటర్: ఊహించలేరు. అందుకే కొంచెం ఊపిరి తీసుకునే చోటు ఉంచుకోవాలి. అది లేకే డిసెంబరులో సోటోను పంపారు.

విలేకరి: ఊరికే పంపలేదుగా. పిచర్ (బంతి విసిరేవాడు) మైకేల్ కింగ్ వచ్చాడు, 2024లో ఈఆర్‌ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటు, 2.95. డ్రూ థోర్ప్ వచ్చాడు, అతన్ని మరికొందరితో కలిపి షికాగో వైట్ సాక్స్‌కు ఇచ్చి పిచర్ డిలన్ సీజ్‌ను తెచ్చారు. ఆ సీజ్ 2024 జులైలో ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ ముగించి నో-హిట్టర్ వేశాడు. ఎవరి మీదనుకున్నారు? వాషింగ్టన్‌లో, ఆ నేషనల్స్ మీదే! జీతాలు తగ్గించుకున్న ఆ ఏడాదే 93 మ్యాచ్‌లు గెలిచారు.

ఆడిటర్: అంటే నా మాటే చెప్తున్నారు సార్. ఖరీదైన ఒక్కణ్ని ఇచ్చి, తక్కువ జీతం మీద ఉన్నవాళ్లను తెచ్చుకున్నాకే జట్టు బాగుపడింది.

యాంకర్: మరి 2025 జులైలో లియో డి వ్రీస్‌ను అథ్లెటిక్స్ జట్టుకు ఇచ్చేశారు కదా? పద్దెనిమిదేళ్ల షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్.

విలేకరి: ఇది వేరే రకం. బదులుగా వచ్చిన మేసన్ మిల్లర్ 2029 దాకా జట్టు చేతిలోనే ఉంటాడు. సోటో మీద తిన్న దెబ్బ గుర్తుంది వాళ్లకు.

ఆడిటర్: మిల్లర్ రిలీవర్ సార్, మ్యాచ్ మధ్యలో దిగే పిచర్. ఏడాదికి అరవై డెబ్బై ఇన్నింగ్స్. డి వ్రీస్ కుదురుకుంటే రోజూ ఆడతాడు.

విలేకరి: అక్టోబరు ప్లేఆఫ్స్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్‌కు 'కుదురుకుంటే' అనేవాడు పనికిరాడు.

ఆడిటర్: అక్టోబరు ప్రతి ఏడూ వస్తుంది. బోగార్ట్స్ జీతం కూడా, 2033 దాకా.

యాంకర్: ఇక్కడ ఆపాలి, ప్రేక్షకుల కాల్స్ లైన్లో ఉన్నాయి. మొదటి ప్రశ్న జీతాలకు గరిష్ఠ పరిమితి పెట్టాలా అని. ఒక్క నిమిషం విరామం తర్వాత.