సభ్యుల జాబితాతోనే మొదలు

శ్రోతలకు నమస్కారం.

మన ఫోను నంబరు, వేలిముద్ర, చిరునామా భద్రంగా ఉండాలన్న మాట మీద పార్టీ పెడితే ఓట్లు పడతాయా? పడ్డాయి. కాపీరైటు చట్టాలు మారాలన్న మాటతో పాటు గోప్యతనూ ప్రధాన నినాదంగా పెట్టుకుని 2006 జనవరి 1న స్వీడన్‌లో పైరేట్ పార్టీ పుట్టింది. జర్మనీలో అదే పేరున్న పార్టీకి 2011 బెర్లిన్ ఎన్నికల్లో 8.9 శాతం ఓట్లకే 15 సీట్లు దక్కాయి. అక్కడ ఓట్ల వాటాను బట్టి సీట్లు పంచుతారు.

మన దగ్గర ఆ లెక్క నడవదు. అమలాపురంలోనో భీమవరంలోనో అంతే శాతం తెచ్చుకుంటే డిపాజిట్టే పోతుంది. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. అయినా ఇలాంటి పార్టీ మన డెల్టాకి కావాలనే అంటాం. రేషన్ బియ్యానికీ వేలిముద్రే, ధాన్యం అమ్మకానికీ ఈకేవైసీయే. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం కదా! గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ హక్కు గురించి ఊళ్లో అడిగేవాళ్లుండాలి.

పార్టీ పెట్టిన 30 రోజుల్లోగా ఎన్నికల సంఘానికి దరఖాస్తు చేయాలి. రుసుము 10,000 రూపాయలు. ఓటు హక్కున్న సభ్యులు కనీసం 100 మంది, వేరే పార్టీలో లేమని ఒక్కొక్కరి అఫిడవిట్టు. నియమావళిలో రాజ్యాంగానికి విధేయత వాక్యం లేకపోతే నమోదు జరగదు.

అసలు చిక్కు ఆ 100 మంది కాగితాల దగ్గరే వస్తుంది. ఓటరు కార్డు ఫొటోను జిరాక్సు షాపు వాట్సాప్‌కి పంపుతాం. ప్రింటు తీసుకుని వచ్చేస్తాం. ఫైలు మాత్రం ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లోనే ఉండిపోతుంది. మన ఫోన్లో 'అందరికీ డిలీట్' నొక్కినా, అక్కడ దిగిన కాపీ పోదు. అక్కడే నిలబడి ఫైలు తీయించండి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. నకలు మీద అడ్డంగా 'పార్టీ నమోదుకు మాత్రమే' అని రాసి తేదీ వేయండి, నంబరు మీద సిరా పడకుండా.

సభ్యులందర్నీ ఒకే వాట్సాప్ గ్రూపులో వేయడం ఇంకో పొరపాటు. ఆడవాళ్ల నంబర్లు కూడా ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికి వెళ్తాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి; ఒక్కోదానిలో 256 మంది పడతారు. మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకి మాత్రం సందేశం చేరదు, ఆ సంగతి ముందే చెప్పండి. మిస్డ్ కాల్ సభ్యత్వం జోలికి పోవద్దు: నంబరు మిగులుతుంది, ఎందుకు తీసుకున్నామో చెప్పిన రుజువు మిగలదు.

ఎవరైనా మానేస్తే, ఆ వారంలోనే వారి నంబరు అన్ని ఫోన్లలోనూ తీసేసి, తీసేశామని వారికి కబురు చేయండి.